అలర్జీల్లో స్టేట్ ఫస్ట్

ప్రణతికి మూడు పడవు. గుడ్డు, పాలు, వేరుశనగ. వీటిలో ఏది చెంచాడు లోపలికి వెళ్ళినా పెదవులు ఉబ్బుతాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఆ తర్వాత అమ్మా నాన్నా బండి మీద ఆసుపత్రికి పరుగెత్తాలి. మిగతా విషయాల్లో అందరు పిల్లల్లాంటి పిల్లే. తణుకులో మేరుశిఖర టెక్నో స్కూల్లో యూకేజీ-బి చదువుతోంది. తలకి రెండు పిలకలు, నోటికి విరామం లేదు.

యూకేజీ-బిలో ముప్ఫై ఇద్దరు పిల్లలు. అంటే ప్రణతిది కాక ఏడాదికి ముప్ఫై ఒక్క పుట్టినరోజులు. క్లాసులోకి బేకరీ కేకు పెట్టె రాగానే ఆయా వచ్చి ప్రణతిని చెయ్యి పట్టుకుని ఆఫీసు గదికి తీసుకుపోయి, జిరాక్సు మిషను పక్కన ఉన్న కుర్చీలో కూర్చోబెడుతుంది. అక్కడికి పాట వినిపిస్తుంది, కేకు కనిపించదు. ప్రణతి కూర్చున్నచోటే చప్పట్లు కొడుతుంది. ఒకరోజు ఇంటికొచ్చి, జిరాక్సు మిషను కూడా తనతోపాటు టకటకా చప్పట్లు కొట్టిందని సంబరంగా చెప్పింది. వాళ్ళమ్మ ఇందుమతికి ఆ పూట అన్నం సయించలేదు.

ఇందుమతికీ ఆ మూడే పడవు. ఆమె చిన్నప్పుడు అలర్జీ అన్న మాట వాళ్ళ వీధిదాకా రాలేదు. పెదవి ఉబ్బితే దిష్టి తగిలిందనేవారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసేవారు. ఇంటెడు బంధువుల పుట్టినరోజులు దూరం నుంచి చూసి పెరిగింది. ముప్ఫై ఒకటో ఏట, తన చేత్తో తను వండుకుని, మొదటిసారి కేకు ముక్క నోట్లో పెట్టుకుంది. ఆ రోజు వంటింట్లో నిలబడి ఏడ్చింది. కేకు అంత బాగా వచ్చినందుకని భర్త శేషుబాబుకు చెప్పింది.

అంత బాగా రావటం వెనక చాలా కేకులు పోయాయి. మొదటిది గట్టిపడి ఎంతకీ తెగకపోతే, శేషుబాబు తీసుకెళ్ళి తన స్పేర్ పార్టుల షాపులో షట్టరుకి అడ్డం పెట్టుకున్నాడు. రెండోది కుక్కరు అడుగున అంటుకుని అక్కడే స్థిరపడింది. ఆరోసారికి కిటుకు దొరికింది. మైదా మూడుసార్లు జల్లించాలి. బాగా మగ్గిన చక్కెరకేళీ అరటిపండు గుజ్జు, బెల్లం నీళ్ళు, కొబ్బరిపాలు, పొద్దుతిరుగుడు నూనె కలపాలి. చివర్లో వంటసోడా, చెంచాడు వెనిగర్ పడగానే పిండి బుస్సున లేస్తుంది, అప్పుడిక ఎవరు పిలిచినా పలక్కూడదు. గాస్కెట్టూ విజిలూ తీసేసిన కుక్కర్లో దొడ్డుప్పు పోసి, దాని మీద గిన్నె దించి, సన్న సెగన ముప్పావుగంట ఉంచాలి. పైపూతకి కొబ్బరి మీగడలో బీట్‌రూట్ రసం. గులాబీ రంగు చూస్తే బేకరీవాడు కూడా ఒకసారి ఆగుతాడు.

నవంబరు పంతొమ్మిదికి ప్రణతికి ఐదేళ్ళు నిండుతాయి. ఏం కావాలని అడిగితే బొమ్మ అనలేదు, గౌను అనలేదు. "అందరూ తినే కేకు నేను కూడా తినాలి. క్లాసులో" అంది. ఇందుమతి మాట ఇచ్చేసింది.

క్లాస్ టీచరు మేరీ సునందకు ఇది విషయమే కాదు. తను బోర్డు మీద ఒక లైను రాస్తానంది: ఈ క్లాసుకు గుడ్డు, పాలు, వేరుశనగ తేవద్దు. ఆ కేకేదో ముప్ఫై ఇద్దరికీ మీరే చేసి తీసుకురండి, గొడవ వదిలిపోతుందంది. సుద్దముక్క కూడా చేతిలోకి తీసుకుంది. ఇంతలో ప్రిన్సిపాల్ పేర్రాజుగారు అటుగా వచ్చారు. ఆయన మంచివాడే, కాకపోతే తలుపు తీసి ఉన్నా పైనుంచి ఆర్డరు రానిదే లోపలికి వెళ్ళని మనిషి.

"లైను రాయటం మన చేతుల్లో ఉండదమ్మా, అది పాలసీ మేటరు. ఓ అర్జీ పెట్టండి, పైకి పంపిద్దాం" అన్నారు.

ఇందుమతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పరీక్షల సెక్షన్లో పనిచేస్తుంది. అర్జీ అంటే భయపడే మనిషి కాదు. నాలుగు వాక్యాల్లో రాసిచ్చింది. ఆ అర్జీ పేర్రాజుగారి నుంచి జోనల్ ఆఫీసుకీ, అక్కడి నుంచి చైర్మన్‌గారి దగ్గరికీ వెళ్ళింది. ఆ వారమే చైర్మన్‌గారు బెంగుళూరులో ఏదో విద్యాసదస్సుకి వెళ్ళి, అక్కడ ఒక పెద్ద స్కూలువాళ్ళు మాది అలర్జీ ఫ్రెండ్లీ క్యాంపస్ అని చెప్పుకోవటం విని వచ్చారు. మన తణుకు ఎందులో తక్కువని ఆయనకి కడుపు మండింది.

పది రోజుల్లో స్కూల్లో అలర్జీ ఎక్సలెన్స్ సెల్ వెలిసింది. దానికి డీన్‌గా దివాకరంగారిని వేశారు. ఆయన అంతవరకూ టెన్త్ పిల్లలకి ర్యాంకులు తెప్పించే డీన్. దద్దుర్లంటే ఏమిటో ఆయనకి తెలీదు, ర్యాంకులంటే మాత్రం నిద్రలో లేపినా చెబుతాడు. పేరెంట్స్ మీటింగులో మైకు పట్టుకుని, మన సంస్థ ఏది తలపెట్టినా రిజల్ట్ ఓరియెంటెడ్‌గానే ఉంటుందనీ, అలర్జీ రంగంలోనూ రాజీ పడే ప్రసక్తి లేదనీ ప్రకటించారు. అలర్జీ ఉన్న విద్యార్థులకు ఏసీ గది, ఆకుపచ్చ ఐడీ కార్డు, మెత్తటి కుర్చీలు. దాని పేరు సేఫ్ క్లాస్. ఇరవైనాలుగు సీట్లే.

ఏసీ గదీ ఆకుపచ్చ కార్డూ చూశాక యూకేజీ తల్లిదండ్రులకి కంటి మీద కునుకు కరువైంది. మన పిల్లాడికి ఏమీ లేదా, ఒక్కటైనా లేదా అని మొగుడూ పెళ్ళాలూ పోట్లాడుకున్నారు. మూడు రోజుల్లో సర్టిఫికెట్లు రావటం మొదలైంది. ఒకాయన తన కొడుక్కి దుమ్ము పడదని రాయించాడు. వాళ్ళ ఎదురింటాయన మట్టి దుమ్ము, సిమెంటు దుమ్ము, సుద్దముక్క దుమ్ము వేరువేరుగా రాయించి మూడు కొట్టేశాడు. ఒకావిడ తన కూతురికి వంకాయ పడదంది, అదీ గుండ్రటిది. ఎవరో రిటైర్డు మాస్టారు సాయంత్రం పూట బ్యాచ్ పెట్టి, అడిగిన వెంటనే తుమ్మటం, చెప్పినచోట గోక్కోవటం నేర్పుతున్నాడని తెలిసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా, చైర్మన్‌గారి మనవడు రేయాన్ష్ పదకొండుతో వచ్చాడు. బియ్యం, గోధుమ, మైదా, బెల్లం, అరటిపండు, కొబ్బరి, ఇంకా ఐదు.

ప్రణతిది కాక యూకేజీ-బి నుంచే ముప్ఫై ఒక్క అప్లికేషన్లు వచ్చాయి. ఎక్కువ ఉన్నవాళ్ళ నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వస్తే ఇరవైనాలుగో సీటు దగ్గర ఐదు తేలింది. అదే కటాఫ్ అయింది.

మర్నాడు బస్టాండు ఎదురుగా నలభై అడుగుల ఫ్లెక్సీ లేచింది. ఇరవైనలుగురు పిల్లల ఫొటోలు, ప్రతి ఫొటో కిందా అంకె. మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగింది. "పదకొండు! తొమ్మిది! తొమ్మిది! తొమ్మిది! ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది! ఒకే క్యాంపస్ నుంచి! యూకేజీ స్థాయిలోనే!" అని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఊళ్ళో మిగతా రెండు స్కూళ్ళు ఆ సాయంత్రమే అత్యవసర సమావేశాలు పెట్టుకున్నాయి.

ప్రణతికి మూడే. సీటు రాలేదు.

ఇందుమతి కాలేజీలో పర్మిషన్ పెట్టి దివాకరంగారి గదికి వెళ్ళింది. ఆయన ప్రణతి ఫైలు తెప్పించి, మూడు అనే అంకె చూసి, సానుభూతిగా నిట్టూర్చారు.

"చూడండి మేడమ్, పిల్లలో కెపాసిటీ ఉంది. మీరే పుష్ చెయ్యట్లేదు. ఇంకో రెండు తెచ్చుకోమనండి."

"ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుందండీ? దానికున్నవి ఆ మూడేనండి. నిజంగా ఉన్నవి."

"నిజమైనవాటికి సెపరేట్ వెయిటేజీ లేదు మేడమ్. అందర్నీ ఒకే స్కేలు మీద చూడాలి కదా."

మరి క్లాసులోనైనా గుడ్డూ పాలూ లేకుండా చూడమంది ఇందుమతి. దివాకరంగారు ఇంకా ఓపిగ్గా వివరించారు. అలర్జీ ఉన్నవాళ్ళు సేఫ్ క్లాసుకి వెళ్ళిపోయారు కాబట్టి, మిగిలిన జనరల్ క్లాసులో రూలు ప్రకారం అలర్జీ లేదు. అలర్జీ లేనిచోట ఆంక్షలు పెడితే అది మిగతా పిల్లల హక్కులకు భంగం. అందుకే అక్కడ రోజూ పల్లీ చిక్కీ ఇస్తున్నాం అన్నారు. ప్రణతి అందులోకి వెళ్తే ప్రమాదం కదా అంటే, నిజమేనని ఒప్పుకున్నారు. ప్రమాదం కాబట్టి ఆ క్లాసుకీ వెళ్ళకూడదు, కటాఫ్ రాలేదు కాబట్టి ఈ క్లాసుకీ వెళ్ళకూడదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, ఐదేళ్ళు నిండని పిల్ల మళ్ళీ జిరాక్సు మిషను పక్కకి చేరింది. ఇదివరకు పుట్టినరోజులప్పుడే అక్కడ కూర్చునేది. ఇప్పుడు అక్కడే ఏ బి సి డిలు దిద్దుతోంది.

సేఫ్ క్లాసుకి సునంద మిస్సునే మార్చారు. ఇరవైనలుగురి క్యారేజీలూ ఆవిడే విప్పుతుంది, ఆవిడే మూతలు పెడుతుంది. ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అర్జీ పెట్టలేదు.

నవంబరు వచ్చింది. ఆ నెల పుట్టినరోజులన్నీ పంతొమ్మిదో తేదీన కలిపి, ఆదర్శప్రాయమైన అలర్జీ ఫ్రెండ్లీ కేకుతో జరపాలని సెల్ నిర్ణయించింది. ఇందుమతి తన కేకు గురించి రాతపూర్వకంగా తెలియజేసింది. సెల్ దాన్ని పరిశీలించి తిరస్కరించింది. అందులో మైదా ఉంది, అది ఫస్ట్ ర్యాంకర్‌కి పడదు. అరటిపండు ఉంది, అది ఏడుగురికి పడదు. బెల్లం, కొబ్బరి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇరవైనలుగురివీ కలిపి రాస్తే పడనివి డెబ్భై ఒక్క రకాలయ్యాయి. అవన్నీ కొట్టేసుకుంటూ పోతే కాగితం మీద మిగిలింది రాతి ఉప్పు. ఒకమ్మాయికి మంచినీళ్ళు కూడా పడవు, బోరువి పడతాయి కానీ మునిసిపాలిటీవి పడవు. రాతి ఉప్పు ఒక్కదానితో కేకు సాధ్యం కాదని సెల్ రెండు సమావేశాల తర్వాత తీర్మానించింది.

మూడో సమావేశంలో దివాకరంగారికి పరిష్కారం తట్టింది. బేకరీల అద్దాల వెనక మూడంతస్తుల కేకులు నెలల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయి. అవి థర్మోకోల్‌వి. థర్మోకోల్ పడదని ఇంతవరకూ ఒక్క సర్టిఫికెట్టూ రాలేదు.

ప్రణతి తల్లి విజ్ఞప్తి మేరకు, సదరు విద్యార్థిని తన సొంత కేకును జిరాక్సు మిషను పక్కన, తలుపు వేసుకుని తినవచ్చునని మానవతా దృక్పథంతో అనుమతి ఇచ్చారు.

పంతొమ్మిదో తారీఖు పొద్దున్నే ఇందుమతి రెండు కుక్కర్లు పొయ్యి మీద పెట్టింది. ప్రణతి ఒక్కదానికే అయితే ఒక చిన్న గిన్నె చాలు. కానీ ఇచ్చిన మాట ఒక్క ముక్క గురించి కాదు కదా. ముప్ఫై ఇద్దరికీ సరిపడా చేసి, స్టీలు డబ్బాల్లో సర్దుకుని, కూతుర్ని తీసుకుని స్కూలుకి వెళ్ళింది.

హాల్లో మూడంతస్తుల థర్మోకోల్ కేకు మీద రేకు పూలు మెరుస్తున్నాయి. జనరల్ క్లాసులో మిగిలిన ఏడుగురినీ కూడా చప్పట్లకోసం తెచ్చి కూర్చోబెట్టారు. చైర్మన్‌గారు మాట్లాడారు, దివాకరంగారు మాట్లాడారు, పేర్రాజుగారు వాళ్ళిద్దరూ మాట్లాడినందుకు ధన్యవాదాలు చెప్పారు. పిల్లలు ప్లాస్టిక్ కత్తితో కోశారు, కరకరమంది. ఫొటోలు తీశారు. ఆ తర్వాత ఏం జరగాలో ఎవరూ చెప్పలేదు. రేయాన్ష్ కాసేపు చూసి, వంగి, కింది అంతస్తు అంచు కొరికాడు. తెల్లటి గుళ్ళు ఉమ్మి, తాతగారి వంక చూశాడు.

"ఇది కేకు కాదు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పక్క ఆఫీసు గదిలో ఇందుమతి డబ్బా మూత తీసింది. అరటిపండూ బెల్లమూ కలిసి కాలిన వాసనకి తలుపులు అడ్డం కాలేదు. రేయాన్ష్ ముందు, వాడి వెనక తొమ్మిదులు, ఎనిమిదులు, చివరికి కటాఫ్ అందని ఏడుగురు, మొత్తం ముప్ఫై ఒక్కరూ జిరాక్సు గదిలోకి వచ్చిపడ్డారు.

ఇందుమతి మూత తిరిగి పెట్టేసి డబ్బా ఎత్తి పట్టుకుంది. ఉబ్బిన పెదవి ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. వీళ్ళలో ఏ ఒక్కరిదైనా నిజమైతే? ఆమె సునంద మిస్సు కోసం చూసింది. ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"పెట్టండి ఇందుమతిగారూ. మూణ్ణెల్లుగా వీళ్ళ క్యారేజీలు నేనే విప్పుతున్నాను. బియ్యం పడని ఈ రేయాన్ష్ బాబు రోజూ పెరుగన్నమే తింటాడు, అరటిపండు నంజుకుని. మీ కేకులో ఉన్నవన్నీ వీళ్ళందరూ నా ఎదురుగా తిన్నవేనండి."

ఇందుమతి మూత తీసింది. మొదటి ముక్క ప్రణతికి పెట్టింది, రెండోది పదకొండుకి. పెద్దవాళ్ళు వచ్చేసరికి గులాబీ రంగు ముప్ఫై రెండు మూతులకీ సమానంగా అంటుకుని ఉంది. దివాకరంగారు అంబులెన్సుకి ఫోన్ చేశారు. అంబులెన్సు వచ్చింది, గంటసేపు గేటు దగ్గర నిలబడింది, డ్రైవరు కూడా ఒక ముక్క తిని వెళ్ళిపోయాడు. ఒక్క తుమ్ము లేదు, ఒక్క దద్దురు లేదు. తొమ్మిదుల్లో ఒకమ్మాయి మాత్రం ఇంకో ముక్క కావాలని ఏడ్చింది.

ప్రణతి అందరి మధ్యలో నేల మీద కూర్చుని, అటువాడి మోచెయ్యీ ఇటుదాని మోచెయ్యీ తగులుతుండగా, చాలా నెమ్మదిగా నమిలింది. ఇందుమతి చూసిందంతా అదే, మిగతా ప్రపంచం ఆమెకి అక్కర్లేకపోయింది.

ఇంత జరిగాక మనుషులైతే సిగ్గుపడాలి. కానీ అది సంస్థ. సెల్ విచారణ జరిపి, ఇరవైనలుగురు విద్యార్థులూ ప్రాక్టికల్స్‌లో ఫెయిలైనట్టు తేల్చింది. వాళ్ళ తల్లిదండ్రులు రీవాల్యుయేషన్ కోరారు. ఇక ప్రణతి సంగతి. గుడ్డూ పాలూ వేరుశనగా లేని కేకు తినటం వల్ల ఆమె మూడు అలర్జీలకూ ఎక్కడా భంగం వాటిల్లలేదు. వెనకటి ఆసుపత్రి కాగితాలూ ఉన్నాయి. కాబట్టి పాసైన విద్యార్థిని ఒక్కతే. ఒక్కతే కాబట్టి ఫస్ట్. ఊళ్ళో మిగతా స్కూళ్ళ రిజల్ట్స్ ఇంకా రాలేదు కాబట్టి, ప్రస్తుతానికి స్టేట్ ఫస్ట్.

ఫ్లెక్సీ మీద ఇరవైనాలుగు ఫొటోలు దిగి, ఒకే ఒక్క ప్రణతి నలభై అడుగుల పొడవునా పరుచుకుంది. ఫెయిలైనవాళ్ళందరినీ, వాళ్ళతోపాటు సునంద మిస్సునీ యూకేజీ-బికి తిప్పి పంపి, ఏసీ గదీ, ఇరవైనాలుగు మెత్తటి కుర్చీలూ, ఒక ప్రత్యేక ఆయానీ ఆమెకి కేటాయించారు. స్టేట్ ఫస్ట్ ఇతరులతో కలవటం రిస్కు కాబట్టి, విద్యాసంవత్సరం ముగిసేదాకా ఆమె అక్కడే చదువుకోవాలి.

రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు ప్రణతి అడిగింది. "అమ్మా, ఫస్టు వస్తే ఎవరితోనూ ఆడుకోకూడదా?"

ఇందుమతి అర్జీ పెడదామా అనుకుంది. కిందటి అర్జీ ఎంతదాకా తెచ్చిందో గుర్తొచ్చి ఆగింది. వీళ్ళకి పిల్ల బాధ చెబితే అర్థం కాదు. వీళ్ళకి వచ్చిన భాష ఒక్కటే, పరీక్ష. ఆ భాషలో తనకి పన్నెండేళ్ళ అనుభవముంది. ప్రతి మార్చిలోనూ కాలరు మడతల్లోంచి, సాక్సుల్లోంచి తీసిన చీటీలకి నంబర్లు వేసి ఫైలు చేసేది తనే. మర్నాడు కాలేజీకి వెళ్ళి, బీరువాలోంచి ఒక ఫారం నమూనా చూసుకుని, తెల్లకాగితం మీద అలాగే గళ్ళు గీసుకుని, నేరుగా దివాకరంగారి గదికి వెళ్ళింది.

"మా అమ్మాయి కాపీ కొట్టిందండి" అంది.

దివాకరంగారి చేతిలో పెన్ను కింద పడింది. ఈ రంగంలో ఆయనకి నిజంగా తెలిసిన మాట అది ఒక్కటే.

"కాపీయా? ఏది, ఏది కాపీ కొట్టింది?"

"మూడూనండి. గుడ్డు, పాలు, వేరుశనగ. వరస కూడా మార్చలేదు. ఒక్కటి కూడా సొంతంగా తెచ్చుకున్నది కాదు."

"రూలు ప్రకారం చీటీ జత చెయ్యాలి మేడమ్. దేన్ని చూసి కొట్టిందో ఆ చీటీ ఎక్కడుంది?"

"నేనేనండి."

గళ్ళు నింపిన ఫారానికి తన ఆసుపత్రి కాగితాలు జత చేసి బల్ల మీద పెట్టింది. దివాకరంగారు తల్లి కాగితాలూ కూతురి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, వేలితో గీసుకుంటూ మూడుసార్లు చదివారు. అక్షరం తేడా లేదు. స్టేట్ ఫస్ట్ మాల్‌ప్రాక్టీస్ అని పేపర్లో పడితే సంస్థ పరువేం కావాలి? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ముందు వెళ్ళి గది తలుపు వేసి వచ్చారు. సాయంత్రానికి ఫ్లెక్సీ దిగింది. మర్నాటికి ఉత్తర్వు వచ్చింది. కుమారి ప్రణతిని అలర్జీ విభాగం నుంచి రెండేళ్ళపాటు డిబార్ చేయడమైనది. ఈ కాలంలో ఆమెను అలర్జీ విద్యార్థినిగా పరిగణించరాదు, సాధారణ తరగతిలో కూర్చోబెట్టవలెను.

ఉత్తర్వు కాపీ చేతికిస్తూ దివాకరంగారు ఇందుమతిని ఓదార్చారు. "బాధపడకండి మేడమ్. చిన్నపిల్ల. రెండేళ్ళ తర్వాత మళ్ళీ రాయొచ్చు, ఈలోగా గట్టిగా ప్రిపేర్ చేయించండి."

అలాగేనండి అని ఇందుమతి తలవంచుకుని బయటికొచ్చింది. కాలేజీలో పట్టుబడ్డ పిల్లలు ఎలా వెళ్తారో సరిగ్గా అలాగే వెళ్ళింది, గేటు దాటాకే నవ్వింది.

యూకేజీ-బిలో అందరూ ఉన్నారు. సునంద మిస్సు ఈసారి గుమ్మం బయటికి అటూ ఇటూ చూసి, ప్రిన్సిపాల్‌గారు రావట్లేదని రూఢి చేసుకుని, పల్లీ చిక్కీ పెట్టెని ఆయాతో వెనక్కి పంపేసి, బోర్డు పై అంచున ఒక లైను రాసింది. ఈ క్లాసుకు గుడ్డు, పాలు, వేరుశనగ తేవద్దు. పిల్లలు దాన్ని చూసి రెండు రోజులు చదవటం నేర్చుకున్నారు, మూడో రోజు నుంచి మరిచిపోయారు, కానీ తేవటం మానేశారు. పుట్టినరోజుల కేకులు ఇప్పుడు ఇందుమతి కుక్కర్లోనే తయారవుతున్నాయి. అందులో ఏమేం పడతాయో నలుగురైదుగురు తల్లులు రాసుకుపోయారు. రేయాన్ష్ వాళ్ళమ్మ కూడా రాసుకుంది, అత్తగారికి తెలియకుండా.

వారం తర్వాత ఒక సాయంత్రం ప్రణతి బ్యాగు విసిరేసి, మొహమంతా వెలిగిపోతుండగా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇవాళ మిస్సు నన్ను తిట్టింది" అంది. "మాట్లాడుతున్నామని. అందరితో కలిపి."